సికిల్ ఉన్న ఇంట్లో స్టెమ్‌సెల్ మాట వస్తే

‘ఈ బిళ్లలు ఎన్నాళ్లు మింగాలి మేడమ్? విశాఖలో స్టెమ్‌సెల్ ఎక్కిస్తే ఒక్కసారికే పోతుందంట గదా!’

పాడేరు, అరకు, హుకుంపేట, అనంతగిరి మండలాల్లో తిరిగే ఏఎన్ఎంకో, ఆశా కార్యకర్తకో, ఆశ్రమ పాఠశాల వార్డెన్‌కో ఈ ప్రశ్న ఇప్పటికే ఎదురై ఉంటుంది. ఎదురు కాకపోతే రేపో మాపో వస్తుంది. సిగ్నలు అందే గుట్ట ఎక్కితే చాలు, ఫోనులో వైద్యం అమ్మేవాళ్లకు కొదవ లేదు. అడిగిన తల్లితో ‘అదంతా మోసం’ అన్నా తప్పే, ‘అవును, నయమైపోతుంది’ అన్నా తప్పే. మీరు డాక్టరు కారు, నిజమే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్లాలో వద్దో, అప్పు చేయాలో వద్దో ఆ ఇల్లు తేల్చుకునేది మీ మాట మీదే. కాబట్టి ఈ సంగతి కొంచెం లోతుగా తెలిసి ఉండటం మీ ఉద్యోగంలో భాగమే.

ముందు చేతిలో ఉన్న కాగితం చూడండి. జాతీయ సికిల్‌సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్‌ను 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో ప్రధాని ప్రారంభించారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపున్న 7 కోట్ల మందికి పరీక్ష చేయాలన్నది లక్ష్యం. మన ఊళ్లలో పంచిన రంగు కార్డులు దాని ఫలితమే. కార్డు ఇచ్చారు గానీ దాని అర్థం చాలా ఇళ్లకు చేరలేదు. ఏఎస్ అని ఉంటే ఆ మనిషి వాహకుడు. అంటే తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్క సికిల్ జన్యువు వచ్చింది, అంతే. అతనికి మందూ అక్కర్లేదు, స్టెమ్‌సెల్లూ అక్కర్లేదు. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఎదుటివారి కార్డు కూడా చూడాలి, అది చాలు. ఎస్‌ఎస్ అని ఉంటే అది జబ్బు. వేలికొన రక్తంతో ఊళ్లో చేసే సాల్యుబిలిటీ పరీక్ష సికిల్ ఉందని మాత్రమే చెబుతుంది, ఏఎస్సో ఎస్‌ఎస్సో చెప్పలేదు. అది తేల్చేది హెచ్‌పీఎల్‌సీ పరీక్ష. ఆ రిపోర్టు లేకుండా ఎవరు ఏ వైద్యం గురించి మాట్లాడినా మీరు అక్కడే ఆపాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. మన ఎముకల్లోని మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలుంటాయి. ఎస్‌ఎస్ ఉన్నవారిలో ఈ కణాల్లోని జన్యువే తేడాగా ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి వచ్చే ఎర్రకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. నొప్పి, కామెర్లు, రక్తహీనత అన్నీ దాని వెంటే వస్తాయి. మరి మూలుగనే మార్చేస్తే? అదే బోన్‌మ్యారో ట్రాన్స్‌ప్లాంట్. అమెరికాలోని మెంఫిస్‌లో బ్లడ్ క్యాన్సర్ కోసం మూలుగ మార్పిడి చేసిన ఒక ఎనిమిదేళ్ల పాపకు, ఆ క్యాన్సర్‌తో పాటు సికిల్ కూడా పోయిందని 1984లో వైద్యులు ప్రకటించారు. మన దేశంలో మూలుగ మార్పిడి ముంబయి టాటా మెమోరియల్ ఆస్పత్రిలో 1983లో మొదలైంది, వేలూరు సీఎంసీలో 1986 నుంచి జరుగుతోంది. కాబట్టి ‘స్టెమ్‌సెల్‌తో సికిల్ పోతుంది’ అన్న మాటలో నిజం ఉంది. నాలుగు దశాబ్దాలుగా రుజువైన నిజం. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ ఆమోదించిన స్టెమ్‌సెల్ వైద్యాల జాబితాలో రక్తవ్యాధులకు చేసే ఈ మార్పిడే ఉంది.

కానీ ఆ మాట వెనక ఉన్న కష్టం ఫోనులో ఎవరూ చెప్పరు. కాఫీ తోటలో ముసలి మొక్కలన్నీ పీకి కొత్త నారు పెట్టడం లాంటిది ఈ పని. పాతది పీకడానికి గట్టి కీమో మందులు ఇస్తారు. కొత్త మూలుగ కుదురుకునే దాకా ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి ఉండదు. వారాల తరబడి విడిగది, ఆపైన ఆస్పత్రికి దగ్గర్లోనే నెలల తరబడి మకాం. వచ్చిన కొత్త కణాలే బిడ్డ ఒంటి మీద దాడి చేసే ప్రమాదం ఒకటుంది. కీమో వల్ల పెద్దయ్యాక పిల్లలు పుట్టకపోవచ్చు కూడా. ఈ చివరి మాట చెప్పడానికి మొహమాట పడకండి. పదేళ్ల పాప తరఫున తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయంలో అది పెద్ద సంగతి. పూర్తిగా సరిపోయే తోబుట్టువు మూలుగతో పిల్లలకు చేస్తే నూటికి 90 మందికి పైగా బతికి బాగుపడుతున్నారు. అది గొప్ప ఫలితమే. ఆ తొంభై పక్కన మిగిలిన పదీ ఉందని కూడా చెప్పాలి.

సరిపోయే తోబుట్టువు దొరకడమే అసలు చిక్కు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో ఇద్దరి కణజాలం పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. దాత కాబోయే పిల్లకు సికిల్ జబ్బు ఉండకూడదు, వాహకురాలైతే ఫర్వాలేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ వాహకులైతే ఒక్కో కాన్పులో జబ్బు లేని బిడ్డ పుట్టే అవకాశం నాలుగింట మూడు. ఈ రెండు లెక్కలూ గుణిస్తే, ఒక్కో తోబుట్టువు పనికొచ్చే అవకాశం పదహారింట మూడు, అంటే ఐదింట ఒకటి కూడా పూర్తిగా లేదు. బయటి దాతల కోసం చెన్నైలోని దాత్రి లాంటి రిజిస్ట్రీలున్నాయి. కానీ కణజాలం సాధారణంగా సొంత సమూహంలోనే కలుస్తుంది. కోదు, పోర్జ, గదబ పిల్లలకు రిజిస్ట్రీలో జోడీ దొరకాలంటే ముందు ఆ తెగల యువతీయువకులు అందులో పేరు నమోదు చేసుకుని ఉండాలి. సగం సరిపోయిన తండ్రి మూలుగతోనో తల్లి మూలుగతోనో చేసే పద్ధతి కూడా వచ్చింది. అందులో ప్రమాదం ఇంకా ఎక్కువ.

కాబట్టి ‘మీ పాపకు చేయించవచ్చా?’ అని అడిగితే మీరు చెప్పాల్సిన జవాబు ఇది: జబ్బు తీవ్రంగా ఉండి, అంటే పక్షవాతం వచ్చి గానీ, ఛాతీలో సికిల్ దెబ్బ మళ్లీమళ్లీ తగిలి గానీ, మందు వాడినా నొప్పులు ఆగక గానీ ఉంటే, తోబుట్టువులు కూడా ఉంటే, విశాఖ కేజీహెచ్‌ ఆస్పత్రికి పంపించి అక్కడి వైద్యుల ద్వారా మార్పిడి కేంద్రానికి కణజాల పరీక్షకు రాయించండి. బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే అడగటం మంచిది, వయసు పెరిగే కొద్దీ ఫలితం తగ్గుతుంది. మన దేశంలో గిరిజనుల్లో కనిపించే సికిల్ చాలామందిలో ఆఫ్రికాలో కనిపించే దానికంటే నెమ్మదైనది. అందరికీ కాదు, కానీ చాలామందికి హైడ్రాక్సీయూరియా బిళ్లతోనే బతుకు సాఫీగా వెళ్తుంది. అలాంటి బిడ్డను కీమోకి తీసుకెళ్లడం సరైన తూకం కాదని నా అభిప్రాయం.

డబ్బు సంగతి విడిగా చెప్పాలి. ప్రైవేటులో ఖర్చు 10 లక్షలు దాటుతుంది. థలసీమియా పిల్లలకు కోల్ ఇండియా సాయంతో 2017 నుంచి 10 లక్షల దాకా ఇచ్చే పథకం ఒకటుంది. సికిల్ పిల్లలకు ఏ పథకం కింద ఎంత వస్తుందో ప్రయాణానికి ముందే ఆస్పత్రి సామాజిక కార్యకర్తను అడిగి కాగితం మీద రాయించుకోవాలి. వైద్యానికి డబ్బు దొరికినా, ఆర్నెల్లు వేలూరులో ఉండే తల్లికి తిండి ఎవరు పెడతారు, నవంబరులో కాఫీ పండ్లు ఎవరు కోస్తారు అన్న లెక్క మిగిలే ఉంటుంది. మన్యంలో 1/70 చట్టం భూమిని గిరిజనేతరుల చేతిలో పడకుండా కాపాడుతుంది. చెట్టు మీదున్న కాఫీని షావుకారు అడ్వాన్సు నుంచి మాత్రం ఆ చట్టం కాపాడదు. వైద్యం పేరుతో అడ్వాన్సు తీసుకునే ముందు మీతో ఒక మాట చెప్పమని ఊళ్లో అందరికీ చెప్పి ఉంచండి.

అమ్మకానికి వచ్చే స్టెమ్‌సెల్

నగరాల్లో మోకాళ్ల నొప్పికి, మధుమేహానికి, ఆటిజానికి, పక్షవాతానికి, సెరిబ్రల్ పాల్సీకి స్టెమ్‌సెల్ ఇంజెక్షన్లు అమ్మే క్లినిక్కులున్నాయి. సొంత కొవ్వు నుంచో మూలుగ నుంచో కణాలు తీసి తిరిగి ఎక్కిస్తామంటారు. స్టెమ్‌సెల్ పరిశోధనకు 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం, రక్తవ్యాధులకు చేసే ఆమోదిత మార్పిడి తప్ప మిగిలిందంతా ప్రయోగమే. దాన్ని నమోదైన ట్రయల్‌లోనే చేయాలి, ప్రచారం చేసుకోకూడదు, రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. వైద్యులూ రోగుల కుటుంబాలూ దీని మీద వాదించుకుంటూనే ఉన్నారు. చచ్చేవాడికి ప్రయోగమైనా ఎందుకు ఇవ్వకూడదు అని ఒక పక్షం, ఆశను అమ్ముకోవడమేంటని ఇంకో పక్షం. ఆ వాదన మీరు తీర్చనక్కర్లేదు. సికిల్ విషయంలో మీకు ఒక తేలిక గుర్తు ఉంది: బిడ్డ సొంత కణాలను ఏమీ మార్చకుండా తిరిగి ఎక్కిస్తే వాటిలోనూ అదే సికిల్ జన్యువు ఉంటుంది. దాంతో సికిల్ పోదు. పోతుందని ఎవరన్నా చెబితే వాళ్లకు జబ్బైనా తెలియదు, సిగ్గైనా లేదు.

బొడ్డుతాడు రక్తం దాచిపెట్టే ప్రైవేటు బ్యాంకులదీ ఇదే లెక్క. వాళ్ల గురి గూడెం కంటే విశాఖలో కాన్పుకు వెళ్లే టీచర్లూ, ఉద్యోగులూ, అంటే మీరే. రేపు ఏ జబ్బు వచ్చినా పనికొస్తుందని వేలకు వేలు కట్టించుకుంటారు. వాణిజ్యపరంగా ఇలా దాచడాన్ని ఐసీఎంఆర్ సిఫార్సు చేయదు. ఒక్క చోట మాత్రం అర్థముంది: ఇంట్లో ఇప్పటికే ఎస్‌ఎస్ బిడ్డ ఉండి, తల్లి మళ్లీ గర్భవతి అయితే, పుట్టబోయే బిడ్డ బొడ్డు రక్తం అక్కకో అన్నకో పనికిరావచ్చు. అది కూడా మార్పిడి చేసే ఆస్పత్రి వైద్యులు చెబితేనే.

ఇంత చెప్పాక స్టెమ్‌సెల్ అంటేనే మోసమని అనుకోకండి. సున్నం కంట్లో పడి చూపు పోయిన మనిషికి, బాగున్న రెండో కంటి నల్లగుడ్డు అంచు నుంచి మూలకణాలున్న చిన్న ముక్క తీసి దెబ్బతిన్న కంటిలో నాటే పద్ధతిని హైదరాబాదు ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆస్పత్రిలో డాక్టర్ వీరేందర్ సంగ్వాన్ బృందం రూపొందించి 2012లో ప్రచురించింది. కణాలను ల్యాబ్‌లో పెంచే పని కూడా ఇందులో లేదు. ఆ ఆస్పత్రికి విశాఖలో పెద్ద శాఖ ఉంది. ఇళ్లకు సున్నం వేసే కూలీలకూ, చుట్ట, పొగాకుతో సున్నం వాడే ఇళ్లలోని పిల్లలకూ ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది. కంట్లో సున్నం పడితే నూనె, పాలు పోయొద్దు. దగ్గరున్న మంచినీళ్లతోనే అరగంట పాటు ఆగకుండా కడిగించి, అప్పుడు బండి ఎక్కించండి.

సంతకం అడిగినప్పుడు

జన్యువును సరిచేసే కొత్త వైద్యం ఒకటి వచ్చింది. రోగి మూలకణాలను బయటకు తీసి, క్రిస్పర్ అనే పద్ధతితో మార్చి, తిరిగి ఎక్కిస్తారు. బ్రిటన్ 2023 నవంబరులోనూ, అమెరికా ఆ డిసెంబరులోనూ దీనికి అనుమతిచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. మన శాస్త్రవేత్తలు ఢిల్లీలోని ఐజీఐబీలో ఇదే దారిలో తయారుచేసిన వైద్యాన్ని ఆదివాసీ వీరుడు బిర్సా ముండా పేరు మీద ‘బిర్సా 101’ అని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. పేరు మనది, సంతోషమే. కానీ ఇది ఇంకా ప్రయోగ దశలో ఉన్న వైద్యం, పాడేరు ఆస్పత్రిలో చీటీ రాయించుకుని తెచ్చుకునేది కాదు. ఇలాంటి ప్రయోగాల్లో చేరమని రేపు ఎవరైనా గిరిజన ప్రాంతాలకు రావచ్చు. అప్పుడు సమ్మతి పత్రం ముందుగా వచ్చేది మీ బల్ల మీదికే.

వార్డెన్లు భద్రాచలం మరిచిపోకూడదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికా సంస్థ ఐసీఎంఆర్‌తో, రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి సుమారు 14 వేల మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా వేసింది. వారిలో ఆశ్రమ పాఠశాలల పిల్లలు ఎందరో. తల్లిదండ్రులు పెట్టాల్సిన చోట చాలా పత్రాల మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. కొందరు బాలికలు చనిపోయారు; ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. అయినా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని ఆపేశారు, 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, ప్రపంచమంతా వాడుతోంది. పోయింది నమ్మకం, పోగొట్టింది ఆ సంతకాలు. పైఅధికారి ఫోను చేసి ‘కానిచ్చేయండి’ అన్నా సరే, పిల్లల తరఫున ప్రయోగానికి సంతకం పెట్టే అధికారం వార్డెన్‌కు లేదు. తల్లో తండ్రో రావాలి, వాళ్లకు అర్థమయ్యే భాషలో, కువి అయితే కువిలో, ఆదివాసీ ఒడియా అయితే అందులో చెప్పాలి. చదువు రాని వారైతే ఆ ప్రయోగంతో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టాన్ని కూడా అడగాలి. క్లినికల్ ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ సీటీఆర్‌ఐలో ఆ ట్రయల్ నమోదు సంఖ్య ఎంత, ఎథిక్స్ కమిటీ ఏది, ఏమైనా జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారు అని అడగండి. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు ఈ రెంటినీ రోగి హక్కుగా రాశాయి. జవాబు చెప్పడానికి నసిగేవాళ్లకు టీ ఇచ్చి పంపించేయండి.

ఈలోపు రోజూ చేయాల్సిన పని

సికిల్ ఇంటికి మీరు చేసే అతి పెద్ద మేలు హైడ్రాక్సీయూరియా బిళ్ల ఆగకుండా చూడటం. అది పుట్టినప్పుడు ఒంట్లో ఉండే తరహా హిమోగ్లోబిన్‌ను పెంచి కణాలు వంగకుండా చేస్తుంది. పని కనిపించడానికి కొన్ని నెలలు పడుతుంది. మొదటి నెలలో మళ్లీ నొప్పి రాగానే ‘పనిచేయలేదు’ అని అటక మీద పెట్టేస్తారు, ఊరి పూజారి అయిన దిసారి దగ్గరికి వెళ్తారు. దిసారిని తిట్టకండి. పూజ చేయించుకోనివ్వండి, బిళ్ల మాత్రం ఆపొద్దని ఆయనతోనే చెప్పించగలిగితే అంతకంటే మంచి ప్రచారకుడు లేడు. రక్తకణాల పరీక్ష డాక్టరు చెప్పిన గడువుకు జరగాలి. గర్భం కోరుకునే ఆడవాళ్లు ముందే డాక్టరుతో మాట్లాడాలి, గర్భంలో ఈ మందు వాడరు. చిన్నపిల్లలకు పెనిసిలిన్, న్యూమోకాకల్ టీకా తప్పకూడదు.

కాఫీ కోత కాలం సికిల్ ఉన్న కూలీలకు గడ్డుకాలం. చలి, దాహం, బరువు మూడూ నొప్పిని రప్పించేవే, నవంబరు నుంచి ఆ మూడూ ఒకే తోటలో కలుస్తాయి. మేస్త్రీలకూ, రైతు సంఘాల వాళ్లకూ చెప్పండి: ఎస్‌ఎస్ ఉన్న మనిషికి మంచు విడిచాక పని మొదలుపెట్టనివ్వాలి, బస్తా మోత వేరేవాళ్లకు ఇచ్చి పండ్ల ఏరివేత, ఆరబోత ఇవ్వాలి. దాహం వేయకముందే నీళ్లు తాగాలి. జీలుగు కల్లు నీళ్ల లెక్కలోకి రాదు, పైగా ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. జ్వరం 101 దాటినా, ఛాతీ నొప్పితో ఆయాసం వచ్చినా, మాట తడబడినా, పిల్లాడి పొట్ట ఎడమ పక్క ఉబ్బి మొహం పాలిపోయినా తెల్లవారే దాకా ఆగొద్దు. బండి రాకపోతే డోలీ కట్టించండి.

బడిలో ఇంకొకటి చూడాలి. సికిల్ పిల్లల కిడ్నీలు మూత్రాన్ని చిక్కబరచలేవు. మాటిమాటికీ బయటికి వెళ్తారు, పెద్ద పిల్లలు కూడా పక్క తడుపుతారు. అది కొంటెతనం కాదు. నీళ్ల సీసా తరగతిలో ఉండనివ్వండి, అడిగినప్పుడల్లా పంపండి, ఆటల్లో మధ్యమధ్య కూర్చోనివ్వండి.

ఉద్యోగాలు వెతికే ఎస్‌ఎస్ యువతకు 2016 వికలాంగుల హక్కుల చట్టం గురించి సగం మాటే తెలుసు. ఆ చట్టం సికిల్‌సెల్‌ను వైకల్యంగా గుర్తించింది. 40 శాతం, ఆపైన ధ్రువీకరణ ఉంటే ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల్లో 5 శాతం సీట్ల కోటాలో పోటీపడొచ్చు. అయితే ప్రభుత్వ ఉద్యోగాల్లోని 4 శాతం రిజర్వేషన్ జాబితాలో రక్తవ్యాధులు లేవు. అప్లికేషన్‌లో ఆ గడి నింపి తర్వాత తిరస్కరణకు గురికావడం కంటే ఎస్టీ కోటాలోనే దరఖాస్తు చేయడం మేలు. ఇప్పటికే ప్రభుత్వ కొలువులో ఉన్నవారు మాత్రం అదే చట్టం కింద పనిలో సర్దుబాటు అడగొచ్చు. రాత్రి డ్యూటీ, చలిచోటు పోస్టింగు మార్చమని రాతపూర్వకంగా కోరండి. రాష్ట్ర పింఛన్లలో సికిల్ వ్యాధిగ్రస్తులకు విడిగా ఒక విభాగం ఉంది, వివరాలు సచివాలయంలో దొరుకుతాయి.

వీటన్నిటికీ ఆధారం కాగితాలే. వైకల్య ధ్రువీకరణ ఇచ్చే సదరం శిబిరానికి హెచ్‌పీఎల్‌సీ రిపోర్టు, ఆస్పత్రిలో చేరిన ప్రతిసారి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, రక్తం ఎక్కించిన చీటీలు తీసుకెళ్లాలి. రేపు మార్పిడి కేంద్రానికి వెళ్లినా జబ్బు తీవ్రతను తేల్చేది అవే. పొయ్యి మీది అటకలో పొగకు నల్లబడకుండా వాటిని ప్లాస్టిక్ సంచిలో కట్టి పెట్టమని చెప్పి, ఒక్కోదానికి ఫోటో తీసి మీ ఫోనులోనూ ఉంచుకోండి.